ఎంజీబీకి క్రోమ్ బంపర్లు: ఎనిమిదేళ్ల వాడకంలో ఏది నిలిచింది, ఏది తుప్పుపట్టింది

1974 సెప్టెంబరు తర్వాత ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఎంజీబీ స్పోర్ట్స్ కార్లకు మూతి మీద నల్లటి రబ్బరు దిమ్మ ఉంటుంది. పేరుకే రబ్బరు. లోపల ఉక్కు చట్రం, పైన పాలీయురెథేన్ తొడుగు. గంటకు 5 మైళ్ల వేగంతో గుద్దుకున్నా లైట్లూ మిగతా భద్రతా భాగాలూ చెడకూడదన్న నాటి అమెరికా నిబంధన కోసం వచ్చిందది. బంపర్ నిర్ణీత ఎత్తులో ఉండాలి కాబట్టి కారునే దాదాపు అంగుళం పైకి లేపారు. అలాంటి కారుకి పాత పద్ధతి క్రోమ్ బంపర్లు పెట్టే కిట్టు గురించే ఈ సమీక్ష. వానలోనూ, చలికాలం మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్ల మీదా ఎనిమిదేళ్లు తిప్పాక రాస్తున్నది.

ముందే ఒక మాట. బంపర్ విప్పి బంపర్ బిగించడం ఈ పనిలో చాలా చిన్న భాగం. అసలు పనంతా నాలుగు మూలల్లోని రేకు దగ్గర, కారు ఎత్తు దగ్గర ఉంది. కిట్టు పెట్టె మీది బొమ్మలో ఆ సంగతి కనపడదు.

కిట్టులో సాధారణంగా వచ్చేవి రెండు బంపర్లు, వాటి మీద నిలువుగా బిగించే నాలుగు ఓవర్‌రైడర్లు, బంపర్లను వెనక నుంచి పట్టి ఉంచే పట్టీలు, ముందు గ్రిల్, బంపర్ కింద వచ్చే వాలెన్స్ రేకు, ముందు మడ్‌గార్డుల్లో కూర్చునే సైడ్‌లైటు-ఇండికేటర్ జత, వెనక మడ్‌గార్డుల కింది మూలలకు అతుకు రేకులు. రబ్బరు బంపర్ కారులో ముందు ఇండికేటర్లు బంపర్‌లోనే ఉంటాయి. బంపర్ తీస్తే అవీ పోతాయి. కాబట్టి మడ్‌గార్డుకు రంధ్రాలు కోయాలి, లేదంటే క్రోమ్ రకం కొత్త మడ్‌గార్డులే వేయాలి. పాత మడ్‌గార్డు హెడ్‌లైటు గిన్నె చుట్టూ ఇప్పటికే పొంగి ఉంటే కొత్తది వేయడమే మేలు. తుప్పు మీద అతుకు వేసి, పుట్టీ రాసి, రంగు కొట్టి, రెండేళ్లకు మళ్లీ అదే చోట గీకడం శుద్ధ దండగ.

విప్పేటప్పుడు ముందు బంపర్‌కి ఇద్దరు మనుషులు ఉండాలి. చివరి నట్టు ఊడే సమయానికి అది ఒక్కసారిగా కిందికి దిగుతుంది, ఇండికేటర్ వైర్లు ఇంకా తగిలించే ఉంటే తెగుతాయి. బ్యాటరీ కనెక్షన్ ముందే తీసేయాలి. ఈ కార్లలో అది సీట్ల వెనక ఉంటుంది. బోల్టులకు ముందురోజే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచితే సగం శ్రమ తగ్గుతుంది.

తర్వాత కోత. ఛాసిస్ కమ్మీల చివర్లలో రబ్బరు బంపర్ కోసం ముందుకు పొడిగించిన పెట్టెలాంటి బ్రాకెట్లు ఉంటాయి. వాటిని తీయకపోతే వాలెన్స్ కూర్చోదు. గీతకు 2-3 మి.మీ. బయటే కోసి, మిగిలినది గ్రైండర్‌తో తినిపిస్తూ రావాలి. కోశాక తెరుచుకున్న నోటిని 2 మి.మీ. ప్లేటుతో మూసి వెల్డింగ్ చేసి, అడుగున నీళ్లు కారడానికి ఓ చిన్న బెజ్జం వదలాలి. మూయకుండా వదిలేస్తే రోడ్డు నీళ్లు కమ్మీలోకి పోయి లోపలి నుంచి తింటాయి. బెజ్జం లేకుండా మూసినా అంతే. ఈ ప్లేటు కిట్టులో రాలేదు, సూచనల కాగితంలో దాని ప్రస్తావనా లేదు. కిట్టుకు నేను మార్కులు తగ్గించిన మొదటి చోటు ఇదే.

వెనక మూలల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. రబ్బరు బంపర్ చుట్టూ తిరిగి వచ్చే చోట మడ్‌గార్డు కింది భాగం ఫ్యాక్టరీలోనే లేకుండా వదిలేశారు. ఆ ఖాళీని అతుకు రేకుతో పూరించాలి. పెట్రోల్ ట్యాంకు డిక్కీ అడుగునే ఉంటుంది కాబట్టి వెల్డింగ్‌కి ముందు దాన్ని దించి దూరంగా పెట్టాల్సిందే. ఖాళీ చేసి అక్కడే ఉంచితే చాలనుకోవద్దు. పెట్రోల్ కంటే ఖాళీ ట్యాంకులోని ఆవిరే ఎక్కువ ప్రమాదం. రేకు పలచన, మిల్లీమీటరు దరిదాపు. 0.6 మి.మీ. తీగతో మిగ్ వెల్డర్ (తీగని తనే అందిస్తూ అతికే కరెంటు వెల్డర్) పెట్టి ఇక్కడో చుక్క, అక్కడో చుక్క వేస్తూ, చెయ్యి ఆనించగలిగేంత చల్లారాకే పక్కన ఇంకో చుక్క వేయాలి. ఒక్క బిగిన లాగేస్తే రేకు అల తిరుగుతుంది. అప్పుడు దాన్ని దాచేది పుట్టీయే. మందంగా వేసిన పుట్టీ వెనక చక్రం విసిరే రాళ్లకు ఎక్కువ కాలం ఆగదు.

రంగుకి ముందే బంపర్లు ఒకసారి పూర్తిగా బిగించి చూడాలి, అదీ కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగా. జాకీ మీద ఉంటే టాపు లేని కారు బాడీ కొద్దిగా వంగుతుంది, సందులు అబద్ధం చెబుతాయి. నా కిట్టు ముందు బంపర్ ఎడమ చివర మడ్‌గార్డుకి దాదాపు ఆనుకుని, కుడి చివర వేలు పట్టేంత ఎడంగా వచ్చింది. పట్టీల బెజ్జాలను రౌండ్ ఆకురాయితో పొడవాటి గాట్లుగా సాగదీసి, వెనక వాషర్లు చేర్చి సర్దితే రెండు వైపులా 8 మి.మీ.కి వచ్చింది. అంతకన్నా దగ్గర పెట్టొద్దు. గతుకులో బంపర్ ఊగినప్పుడు చివర రంగుని గీకుతుంది.

బోల్టుల విషయం విడిగా చెప్పాలి. ఈ కారులో మరలు అంగుళాల కొలతవి, యూఎన్‌ఎఫ్ అనే సన్న మరల రకం. కిట్టులో ఎమ్8 (8 మి.మీ. మెట్రిక్) బోల్టులు కొన్ని కలిసి వచ్చాయి. 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ., చూపుకి రెండూ ఒకటే. కానీ ఎమ్8కి మర దూరం 1.25 మి.మీ., 5/16 యూఎన్‌ఎఫ్‌కి అంగుళానికి 24 మరలు, అంటే 1.06 మి.మీ. నట్టు చేతితో ఒకటి రెండు చుట్లు తిరిగి, అక్కడ పట్టేస్తుంది. తుప్పేమో అనుకుని పానాతో బలం పెడితే రెండిటి మరలూ పోతాయి. ప్రతి బోల్టూ చేతితో పూర్తిగా తిరిగిందా లేదా చూసుకుని, కాపర్ గ్రీజు రాసి, అప్పుడు పానా పట్టాలి. 5/16కి అర అంగుళం పానా, 3/8కి 9/16 పానా.

వైరింగ్ సులువే. లూకాస్ (ఈ కార్ల కరెంటు సామాను తయారుచేసిన కంపెనీ) రంగుల పద్ధతి ప్రకారం ఎడమ ఇండికేటర్ ఆకుపచ్చ మీద ఎరుపు గీత, కుడిది ఆకుపచ్చ మీద తెలుపు గీత, సైడ్‌లైట్లు ఎరుపు, ఎర్త్ నలుపు. తిప్పలు పెట్టేది నంబర్ ప్లేటు లైట్లు. క్రోమ్ పద్ధతిలో అవి వెనక ఓవర్‌రైడర్ల మీద కూర్చుంటాయి, ఎర్త్ బంపర్ గుండా అందుతుందన్న లెక్క. క్రోమ్ గీతలు పడకుండా రబ్బరు వాషర్లు వేశామా, ఎర్త్ తెగిపోతుంది. లైటు మిణుకుమిణుకుమంటుంది, బల్బు మారిస్తే రెండు రోజులు వెలిగి మళ్లీ అదే వరస. ఒక్కో లైటుకి విడిగా నల్ల వైరు లాగి బాడీకి బిగించాక ఎనిమిదేళ్లలో దాన్ని మళ్లీ ముట్టుకోలేదు. ముందు ఇండికేటర్ల వెనక గొట్టపు కనెక్టర్లు మాత్రం చక్రం చిమ్మే బురదకి ఎదురుగా ఉంటాయి. వాటికి గ్రీజు నింపి రబ్బరు గొట్టం తొడగాలి.

ఇక ఎత్తు. క్రోమ్ బంపర్లు పెట్టి కారుని అలాగే వదిలేస్తే పొడవాటి కాళ్ల మీద నిలబెట్టినట్టు ఉంటుంది. అందం ఒక్కటే కాదు. 1974 చివర్లో ఎత్తు పెంచినప్పుడే టాపు లేని కార్లలో ముందు యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) కూడా తీసేశారు, 1977 మోడల్‌కి గాని ముందూ వెనకా బార్లు రాలేదు. ఆ మధ్య కార్లు మలుపులో బాగా ఒరుగుతాయి. పొట్టి కాయిల్ స్ప్రింగులతో ముందు ఓ అంగుళం, వెనక కమాన్ కట్టలకీ ఆక్సిల్‌కీ మధ్య దిమ్మ పెట్టి ఓ అంగుళం దించితే చాలు. దిమ్మ పెడితే యూ-బోల్టులు కూడా పొడవువి కావాలి. పాతవి లాగిపెట్టి బిగిస్తే నట్టుకి నిండా మరలు దొరకవు. అంతకన్నా దించితే వెనక ఆక్సిల్ గతుకు గతుకుకీ బంప్ స్టాపుని (ఆక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మని) కొడుతుంది, సైలెన్సర్ స్పీడ్ బ్రేకర్లని రుద్దుతుంది. ముందు సస్పెన్షన్‌ని మోసే అడ్డ దూలాన్నే (క్రాస్‌మెంబర్) పాత క్రోమ్ కారుది వేసేవాళ్లూ ఉన్నారు. అది మంచి పద్ధతే, కానీ చక్రాలను తిప్పే స్టీరింగ్ ర్యాక్‌తో కలిపి జతగా దొరికితేనే. ఎత్తు కొలత చక్రం మధ్య నుంచి దాని పైన మడ్‌గార్డు ఆర్చి అంచుకి తీయాలి, నేల నుంచి తీస్తే టైరు గాలి లెక్క చెడగొడుతుంది. దించాక హెడ్‌లైట్లు మళ్లీ సరిచేయాలి.

ఎనిమిదేళ్లకు వెల్డింగ్ అతుకులన్నీ నిలిచాయి. నిలవనిది క్రోమే. మూడో చలికాలానికి వెనక బంపర్ కింది మడతలో ఆవగింజంత గోధుమరంగు చుక్కలు, అయిదో ఏటికి గోరుతో గీరితే పొరలుగా లేచేంత. చవక కిట్లలో బంపర్ ముందువైపు మెరుపు బాగానే ఉంటుంది, వెనక్కి తిప్పి చూస్తే రేకు మీద పలచని పొర, అక్కడక్కడ అదీ లేదు. క్రోమ్ తుప్పుని ఆపదు, ఆపేది దాని కింది నికెల్. ఆ నికెల్‌లోనే పిసినారితనం చేస్తారు. బిగించక ముందే వెనకవైపు ఎమిరీ కాగితంతో గీకి, జింక్ ప్రైమర్ రెండు కోట్లు, దాని మీద మైనం పట్టించిన ముందు బంపర్‌కి ఇప్పటికీ మచ్చ లేదు. వెనకదానికి ప్రైమర్ లేకుండా మైనం ఒక్కటే పూశాను, తేడా కళ్లముందే ఉంది. దాని స్థానంలో వేసిన స్టెయిన్‌లెస్ స్టీల్ బంపర్‌కి తుప్పు బెంగ లేదు, కానీ రంగులో కాస్త పసుపు ఛాయ. క్రోమ్‌ది నీలి మెరుపు. ముందొకటి వెనకొకటి ఉన్నప్పుడు పక్కనుంచి చూసినవాడికి తెలియదు, యజమానికి మాత్రం రోజూ తెలుస్తుంది. మళ్లీ కొనాల్సి వస్తే రెండూ స్టెయిన్‌లెస్సే కొంటాను.

వెల్డింగ్ వద్దనుకునేవాళ్లకి ఫైబర్‌గ్లాస్ వాలెన్స్‌లు ఉన్నాయి. తేలిక. బోల్టు బెజ్జాల చుట్టూ నక్షత్రంలా చీలికలు రావడం వాటి జబ్బు. పెద్ద వాషర్లూ, వాటి కింద రబ్బరూ వేస్తే ఆలస్యమవుతుంది, అంతే.

బీమా కంపెనీకి ఈ మార్పు రాతపూర్వకంగా తెలియజేయాలి. అలాగే పార్కింగ్‌లో నెమ్మదిగా తగిలే దెబ్బకి రబ్బరు బంపర్ లోపలికి నొక్కుకుని తిరిగి వచ్చేది. క్రోమ్‌ది వెనక్కి జరిగి, తన పట్టీనీ వంచి, వాలెన్స్‌నీ సొట్ట పెడుతుంది. ఇరుకు వీధుల్లో రోజూ ఆపే కారైతే నల్ల దిమ్మలనే శుభ్రం చేసి ఉంచుకోవడం తెలివైన పని.