టమాటా నారు చుట్టూ నీళ్ల గోడ: డెన్వర్ చలికి ఆగుతుందా?

అమెరికాలోని డెన్వర్ వైపు పెరటి తోటలవాళ్లు మదర్స్ డే, అంటే మే రెండో ఆదివారం, దాటితేగానీ టమాటా నారు బయట పెట్టరు. అంతదాకా ఆగలేనివాళ్ల కోసం వచ్చిందే ఈ 'వాల్ ఓ వాటర్'. 18 ప్లాస్టిక్ గొట్టాలు పక్కపక్కన అతికించిన గుండ్రటి గోడ, ఎత్తు 18 అంగుళాలు. నిండా పోస్తే సుమారు 11 లీటర్ల నీళ్లు పడతాయి.

పగలు ఎండకు కాగిన నీళ్లు రాత్రి ఆ వేడిని మొక్కకు వదులుతాయి. అంతకన్నా పెద్ద సాయం నీళ్లు గడ్డకట్టేటప్పుడు అందుతుంది. గ్రాము నీరు ఐసు అవుతూ 80 కేలరీల వేడి బయటికిస్తుంది. కాబట్టి పొద్దున్నే గొట్టాల్లో ఐసు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, లోపల మొక్క పచ్చగానే ఉంటుంది. మైనస్ 9 సెల్సియస్ దాకా ఆగుతుందని తయారీదారు మాట. ఒక రాత్రికి సరే. ఎండ మొహమే కనిపించని మూడు రోజుల ముసురుకు మాత్రం నమ్ముకోవద్దు.

కిటుకంతా నిలబెట్టడంలో ఉంది. నాటే చోట ఐదు గ్యాలన్ల బకెట్ బోర్లించి, దానిమీద గోడను తొడిగి, ఎదురెదురు గొట్టాలు మార్చి మార్చి నింపాలి. ఒక పక్కనే పోస్తూ పోతే అటు ఒరిగి కూలుతుంది. మూడింట రెండొంతుల దగ్గర ఆపితే, బకెట్ తీయగానే పై అంచులు లోపలికి వాలి గుడిసెలా మూసుకుంటాయి. ఎండలు ముదిరాక నిండా పోయండి, నోరు తెరుచుకుంటుంది.

నాటడానికి వారం ముందే నిలబెడితే మట్టి వేడెక్కుతుంది. 15 డిగ్రీలు దాటని మట్టిలో వేళ్లు భాస్వరం సరిగా తీసుకోలేవు. ఆకుల అడుగు ఊదారంగుకు తిరిగి, మొక్క వారాల తరబడి ఎదుగూ బొదుగూ లేకుండా కూర్చుంటుంది. అప్పుడు తొందరపడి నాటిన లాభం శూన్యం.

గాలికి ఇది బలహీనం. నిండుగా ఉన్నది కూలితే 11 కిలోల బరువు లేత కాండం మీద పడుతుంది. లోపలివైపు మూడు వెదురు పుల్లలు గుచ్చడం తప్పనిసరి. టమాటా కేజ్, అంటే మొక్కకు ఊతగా చుట్టూ పెట్టే తీగ పంజరం, దాని మొన తగిలితే గొట్టం చిల్లుపడుతుంది. దాన్ని పారేయక్కర్లేదు, ఆ గొట్టంలోకి పొడవాటి సన్నని ప్లాస్టిక్ సంచి దించి నీళ్లు పోస్తే సరి. నోరు తెరిచి ఉన్నప్పుడు వడగళ్లు పడితే మాత్రం ఇది అడ్డుకోదు.

పచ్చడికి సరిపడా ముందుగా కాయలు కావాలంటే 'ఎర్లీ గర్ల్' లాంటి త్వరగా కాసే రకానికి రెండు గోడలు చాలు. ఇరవై మొక్కలకంటే 220 లీటర్ల నీళ్లు. పైగా ఏప్రిల్‌లో చాలా ఇళ్లలో బయటి కుళాయి ఇంకా కట్టేసే ఉంటుంది, మోసుకోవాల్సిందే. రాత్రులు 13 డిగ్రీల లోపే ఉంటే పూత నిలవదు, ఆ విషయంలో గోడ పెద్దగా చేసేదేమీ లేదు.

మొక్క పై అంచు దాటాక, రాత్రులు 10 డిగ్రీల పైన కుదురుకున్నాక తీసేయండి. గొట్టాలు వంచి నీళ్లు వంపి, పూర్తిగా ఆరాక నీడలో మడిచి పెట్టాలి. ఎండలో వదిలేస్తే ప్లాస్టిక్ పెళుసెక్కి అతుకుల దగ్గర చీలుతుంది.