యజమాని ముఖమా, కంపెనీ పేరా: దేన్ని ముందు నిలబెట్టడం మేలు?

కొత్తగా కంపెనీ పెట్టినవాళ్లకి ఈ మధ్య ఎవర్ని అడిగినా ఒకటే సలహా: ముందు నువ్వు కనిపించు. లింక్డ్ఇన్‌లో రోజూ రాయి, వీడియోలు చెయ్యి, జనం నిన్ను నమ్మితే నీ సరుకునీ నమ్ముతారు. సలహా తప్పేం కాదు, కానీ దాని ఖరీదు ఎవరూ చెప్పరు. నేను బ్రాండింగ్ పనిలో ఉన్నాను. ఈ ప్రశ్న తరచూ నా ముందుకొస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ నా జవాబు కంపెనీ పేరు వైపే మొగ్గుతోంది.

ముఖం వల్ల లాభం నిజంగానే పెద్దది. ప్రకటనలకి డబ్బుల్లేని రోజుల్లో మనిషి మాటే పెట్టుబడి. రికార్డుల అమ్మకంతో 1970లో మొదలైన వర్జిన్ 1984లో విమానాలు నడపడానికి దిగింది. పాటలమ్మే పేరుని ఆకాశంలోనూ జనం గుర్తుపట్టారంటే అందులో దాన్ని స్థాపించిన రిచర్డ్ బ్రాన్సన్ అనే మనిషి పాత్ర చాలా ఉంది. ఇక డాక్టరు, లాయరు, ఒంటరిగా పనిచేసే కన్సల్టెంటు లాంటి వాళ్ల విషయంలో చర్చే అక్కర్లేదు. అక్కడ మనిషే సరుకు.

చిక్కంతా కంపెనీ పెరిగాక వస్తుంది. బ్రిటన్‌లో నగల దుకాణాల గొలుసు నడిపిన జెరాల్డ్ రాట్నర్ 1991లో ఒక సభలో మాట్లాడుతూ, తమ షాపుల్లో అంత చవగ్గా ఎలా అమ్ముతున్నారని అడిగితే సరుకు చెత్త కాబట్టి అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. షాపుల మీద ఉన్నది మాత్రం అతని ఇంటిపేరే. కంపెనీ విలువ కుప్పకూలింది, మరుసటి ఏడాది అతను బయటికెళ్లాడు, 1993లో కంపెనీ పేరే మార్చుకుని సిగ్నెట్ అయింది. అమెరికాలో వంటలు, ఇంటి అలంకరణ నేర్పి పేరు తెచ్చుకున్న మార్తా స్టీవర్ట్ మీద పడిన కేసుకీ ఆవిడ కంపెనీ అమ్మే వాటికీ అసలు సంబంధమే లేదు. ఆవిడ సొంతంగా అమ్మిన వేరే కంపెనీ షేర్ల గొడవ అది. అయినా 2004లో శిక్ష పడేసరికి దెబ్బ పత్రికలకీ, టీవీ కార్యక్రమానికీ, అక్కడ పనిచేసేవాళ్లకీ తగిలింది.

ఇంకో రకం నష్టం యజమానికే. కేట్ స్పేడ్ 1993లో తన పేరుతో హ్యాండ్‌బ్యాగుల బ్రాండు మొదలుపెట్టింది. తర్వాత దాన్ని అమ్మేసి పక్కకి తప్పుకుంది. 2016లో మళ్లీ వ్యాపారంలోకి దిగేనాటికి ఆవిడ పేరు వేరేవాళ్ల ఆస్తి. కొత్త బ్రాండుకి ఫ్రాన్సెస్ వాలెంటైన్ అని పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇవన్నీ పత్రికలకెక్కిన కథలు. నన్ను ఎక్కువగా బాధపెట్టేవి మాత్రం ఎక్కడా అచ్చుకానివి, ఆఫీసు లోపల జరిగేవి. ఒక్క మనిషి ముఖంతో నడిచే కంపెనీలో క్లయింటుకి మిగతావాళ్లెవరూ ఆనరు. ఆరు నెలలు ప్రాజెక్టు మోసిన మేనేజరు ఎదురుగా కూర్చున్నా, 'సార్ రాలేదా?' అనే అడుగుతారు. సార్ వచ్చి పది నిమిషాలు మాట్లాడితే ఒప్పందం మీద సంతకం పడుతుంది, పేరు సార్‌కే పోతుంది. ఆ మేనేజరు జీతం గురించి గొడవ పెట్టుకోడు, ఒకరోజు రాజీనామా ఇచ్చేస్తాడు. ఎందుకు వెళ్లాడో యజమానికి నిజంగా అర్థం కాదు. ఇంకో పక్క, ఆదివారం రాత్రి పొద్దుపోయాక యజమాని గొంతుతో స్ఫూర్తిదాయకమైన పోస్టు రాసే కుర్ర ఉద్యోగి ఒకరుంటారు. నిద్ర ఎంత ముఖ్యమో ఆ పోస్టులోనే ఉంటుంది. యజమాని ఎన్నికల గురించో క్రికెట్ గురించో ఒక మాట జారితే, మర్నాడు ఫోన్లెత్తి సమాధానం చెప్పుకోవాల్సింది కస్టమర్ కేర్‌లో కూర్చున్నవాళ్లు. ఇక ఆ యజమానికి సెలవంటూ ఉండదు. ఒంట్లో బాగోలేకపోయినా కెమెరా ముందుకి రావాల్సిందే, రాకపోతే పుకార్లు మొదలవుతాయి. ఇన్ని ప్రాణాల మీద ఇంత బరువు పెట్టే పద్ధతిని నాయకత్వం అనడానికి నాకు మనసొప్పదు.

మరి పేరు వెనక నిలబడితే అంతా బాగుంటుందా? ఉండదు. ప్రాక్టర్ అండ్ గాంబుల్ 1837లో పుట్టింది. టైడ్, పాంపర్స్ వాడే ఇళ్లలో దాని అధిపతి పేరు తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు? ఎవరు వచ్చినా ఎవరు పోయినా సబ్బుపొడి అమ్ముడవుతూనే ఉంటుంది. కానీ అంత పేరు రావడానికి తరాలు పడుతుంది, కొత్త కంపెనీకి అంత ఓపిక ఎక్కడిది? పైగా పేరు దాక్కోవడానికీ పనికొస్తుంది. ఫిర్యాదు చేస్తే 'మా టీమ్ చూస్తోంది' అని జవాబొస్తుంది, ఆ టీమ్‌లో ఎవరున్నారో ఎప్పటికీ తెలియదు. నాకు ఒళ్లు మండే విషయం ఇది.

అందుకే నేను చెప్పే పేరు మనుషుల్లేని పేరు కాదు. పని చేసినవాళ్లు ఆ పని పక్కన కనిపించాలి. డిజైన్ గురించి డిజైనరే మాట్లాడాలి, తప్పు జరిగితే సరిదిద్దినవాళ్లే జవాబు రాయాలి. ఆపిల్‌నే చూడండి. స్టీవ్ జాబ్స్ అంత బలమైన ముఖం ఇంకొకటి దొరకదు. అయినా ఆయన చికిత్స కోసం సెలవులో ఉన్నప్పుడల్లా, 2004లోనూ 2009లోనూ 2011లోనూ, కంపెనీని నడిపింది టిమ్ కుక్. 2011 ఆగస్టులో పగ్గాలు పూర్తిగా అప్పగించేసరికి కుక్ లోపలివాళ్లకి కొత్త కాదు, బయటివాళ్లకీ కొత్త కాదు. జాబ్స్ అక్టోబరులో పోయారు. కంపెనీ ఆగలేదు.

కాబట్టి ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది. మొదటి రెండు మూడేళ్లు మీ ముఖం వాడుకోండి, తప్పులేదు. కంపెనీకి మాత్రం మీ పేరు పెట్టకండి. పెద్ద క్లయింటు దగ్గరికి మొదటి రోజునుంచీ ఇంకొకర్ని వెంటబెట్టుకెళ్లి వాళ్లనే మాట్లాడనివ్వండి. మీ సొంత ఖాతా వేరు, కంపెనీ ఖాతా వేరు. కంపెనీ ఖాతాలో మీ ఫొటో రాకుండా నెల గడిచేలా చూసుకోండి. ఏదో ఒకనాడు కంపెనీ అమ్మే ఉద్దేశం ఉన్నవాళ్లు ఈ పని ఇంకా ముందే మొదలుపెట్టాలి. అంతా ఒక్క ముఖం మీదే నడుస్తోందని తెలిస్తే, కొనేవాళ్లు ధరలో కొంత ఆపి, ఇంకొన్నేళ్లు మీరే కూర్చోవాలని షరతు పెడతారు.