బొగ్గు ఎంహెచ్‌డీ జనరేటర్ రివ్యూ: ఐడియా అద్భుతం, గోడే నిలవలేదు

పదిహేనేళ్లుగా థర్మల్ ప్లాంట్‌లో బాయిలర్ మెయింటెనెన్స్ చేస్తున్నాను, ఓవర్‌హాల్‌కి లోపలికి దిగినప్పుడల్లా ట్యూబుల మీద బండలా పేరుకున్న క్లింకర్‌ని, అంటే కరిగి గట్టిపడ్డ బొగ్గు బూడిదని, కొట్టి ఊడగొట్టించడమే సగం పని, కాబట్టి ఈ రివ్యూ కూడా ఆ కళ్లతోనే రాస్తున్నా.

ఎంహెచ్‌డీ (మాగ్నెటోహైడ్రోడైనమిక్) అంటే అయస్కాంతం మధ్యలోంచి వేడి వాయువుని పంపి కరెంటు తీసే పద్ధతి. ముందు మంచి చెప్తా. టర్బైన్ లేదు, తిరిగే భాగమే లేదు. బొగ్గుని 2,500 డిగ్రీల దాకా మండించి, వాయువులో కరెంటు పారేలా కాస్త పొటాషియం ఉప్పు కలిపి, ఆ వాయువుని అయస్కాంతం మధ్యలోంచి దూసుకెళ్లనిస్తే రెండు గోడల్లోని ఎలక్ట్రోడ్ల నుంచి నేరుగా డీసీ కరెంటు వస్తుంది. మిగిలిన వేడితో మామూలు బాయిలర్ నడుపుకోవచ్చు. దీనికి ఫుల్ మార్కులు.

చిక్కంతా గోడ దగ్గరే. ఎలక్ట్రోడ్ అంటే లోపల నీళ్లు పారే రాగి దిమ్మ, దాని మీద కరిగిన బూడిద స్లాగ్ పొరగా అంటుకుంటుంది. మాకు శత్రువైన ఆ స్లాగే ఇక్కడ రాగిని మంట నుంచి కాపాడాలి, కానీ కరెంటు కూడా ఆ పొర దాటుకునే రావాలి కదా! చల్లారిన స్లాగ్‌లో కరెంటు సాఫీగా పారదు, చిన్న చిన్న ఆర్కులుగా (మెరుపుల్లా) ఒకేచోట దూకి రాగిని కరిగిస్తుంది. పైగా ఆనోడ్ వైపు చేరే ఆక్సిజన్, బొగ్గులోని గంధకం కలిసి రాగిని తినేస్తాయి. అందుకే అమెరికాలో ఆనోడ్లకి ప్లాటినం తొడుగులు వేశారు. కరెంటు పుట్టించడానికి ప్లాటినం వాడాల్సి రావడం నన్ను నిజంగా బాధపెట్టింది.

కాథోడ్ వైపు తంటా వేరు. అక్కడ పొటాషియం చేరి స్లాగ్‌లో కరెంటు బాగా పారడం మొదలై, పక్కపక్క కాథోడ్లు షార్ట్ అయిపోతాయి. నాలుగైదు కలిసి ఒకే వోల్టేజి చూపిస్తాయి, వాటి మధ్య పంచుకోవాల్సిన వోల్టేజంతా ఆ గుంపు చివరున్న ఒక్క సన్నటి సందు మీద పడుతుంది. అక్కడ ఆర్క్ లేస్తే ఇన్సులేటర్ గతి అంతే. ఐరన్ ఆక్సైడ్ కలిపితే ఈ ఎగుడుదిగుళ్లు తగ్గాయి, అది మంచి ఉపాయం.

అమెరికా మోంటానాలోని బ్యూట్‌లో ఇవన్నీ ఓపిగ్గా పరీక్షించారు, 1993లో అక్కడి ప్రభుత్వం ఆ కార్యక్రమాన్నే ఆపేసింది. మన తిరుచిరాపల్లి పైలట్ ప్లాంట్‌లో వాడింది బొగ్గు నుంచి తీసిన గ్యాస్, కాబట్టి ఈ స్లాగ్ పరీక్ష దానికి ఎదురవలేదు.

నా రేటింగ్ 5కి 3. మూడో వంతు పైగా బూడిదే ఉండే మన బొగ్గుతో, మా బాయిలర్‌లా ఓవర్‌హాల్‌కి ఓవర్‌హాల్‌కి మధ్య వేల గంటలు ఆగకుండా నడిచే ఛానెల్ (ఎలక్ట్రోడ్లుండే ఆ వాయువు దారి) ఎవరైనా చూపిస్తే ఆ మిగతా రెండూ వెంటనే ఇస్తా.