పెట్టకుండానే పెట్టానని చెప్పే మెషిన్

కుక్కకి టైముకి తిండి పెట్టే ఆటోమేటిక్ ఫీడర్ కొని రెండేళ్లు దాటింది. ఎన్ని లీటర్లు పడుతుంది, యాప్ ఎలా పెట్టుకోవాలి లాంటివన్నీ అమ్మే పేజీలోనే ఉంటాయి, వాటి జోలికి పోను. నా కోపమంతా ఒక్కదాని మీదే. 'భోజనం పెట్టడమైంది' అని ఫోనుకి అది పంపే మెసేజ్ మీద.

ముందు నా పని సంగతి చెప్పాలి. ఉండేది శ్రీకాకుళం. పెళ్లిళ్లకి వీడియో తీస్తాను. సొంత స్టూడియో లేదు, ఎవరు పిలిస్తే వాళ్లకి చేస్తాను. ఆషాఢంలోనూ మూఢంలోనూ పని ఉండదు. శ్రావణం వచ్చిందంటే రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి పొద్దున్నే ఇచ్ఛాపురంలో ఉండాలంటారు. కుదరదంటే మళ్లీ సీజన్‌కి ఆ ఫోన్ రాదు. వెళ్తే ఎప్పుడు తిరిగొస్తామో ముహూర్తం రాసినవాడికి కూడా తెలీదు. అర్ధరాత్రి తాళి కట్టినా, అప్పగింతలయ్యేసరికి తెల్లారిపోతుంది. ఇంట్లో ఉండేది నేనూ, కర్రీ. అది నల్లటి ఊరకుక్క, వరండా గ్రిల్ లోపల ఉంటుంది.

ఫీడర్ రాకముందు దాని తిండికి వేళాపాళా ఉండేది కాదు. ఒకరోజు పొద్దున్న ఏడింటికి, ఇంకోరోజు మధ్యాహ్నం మూడింటికి. పొద్దున్నే పసుపుపచ్చగా కక్కేది. కడుపు చాలాసేపు ఖాళీగా ఉంటే పైత్యరసం అలా వస్తుందనీ, వేళకి పెట్టమనీ పశువుల డాక్టరు గారు చెప్పారు. ఫీడర్ పెట్టాక వారం తిరిగేసరికి ఆ కక్కు ఆగింది. దాంతో ఫీల్డులో కుక్క ఉన్న ప్రతివాడికీ ఇది కొనమని చెప్పాను. కరెంటు పోతే అడుగున వేసిన పెద్ద టార్చి సెల్స్ మీద నడుస్తుందని కూడా గొప్పగా చెప్పాను. అది నిజమే. ఒకసారి వాయుగుండం గాలికి రాత్రంతా కరెంటు లేకపోయినా పొద్దుటి తిండి పడింది.

ఆ తర్వాతి శ్రావణంలో పలాసలో ఓ పెళ్లి. రెండు రోజుల పని, ముందు రోజు సాయంత్రం పెళ్లికొడుకుని చేసే వేడుక కూడా తియ్యాలి. మధ్యాహ్నం బయల్దేరేటప్పటికే ముసురు పట్టింది. ఏడింటికి ఫోన్ మోగింది, భోజనం పెట్టడమైందని. నిశ్చింతగా పని చేసుకున్నాను. రాత్రి రెండు దాటాక జీలకర్ర బెల్లం, ఆపైన తలంబ్రాలు. పొద్దున్న ఏడింటికి మళ్లీ మెసేజ్. పది అవుతుండగా పక్కింటి పిన్ని ఫోన్ చేసింది.

"ఏటి బాబూ, కుక్కకి కూడెట్టకుండా ఎల్లిపోనావా? రేత్రి కాణ్ణుంచి ఒకటే ఏడుపు."

"మెషిన్ పెట్టింది పిన్నీ, నాకు మెసేజ్ కూడా వచ్చింది."

"మెసేజి నీకొచ్చింది గానీ గిన్నిలో ఏటీ నేదు."

పాపం ఆవిడే గ్రిల్ సందుల్లోంచి ఇడ్లీలు వేసింది. నీళ్ల గిన్నె వేరే ఉండబట్టి ఆ ఇబ్బంది రాలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి మూత తీసి చూస్తే విషయం తెలిసింది. పైన కుక్క తిండి గింజలు బాగానే ఉన్నాయి. కింద, వాటిని గిన్నెలోకి తోసే చక్రం తిరిగేచోట, చెమ్మకి మెత్తబడి ఒకదానికొకటి అంటుకుని ముద్దకట్టాయి. బటన్ నొక్కితే చక్రం సుబ్బరంగా తిరుగుతోంది, ఒక్క గింజా రాలడం లేదు. ఆ మెషిన్‌కి తెలిసింది చక్రం తిరిగిందా లేదా అన్నదే. తిరిగితే పెట్టినట్టే లెక్క. గిన్నెలో ఏమైనా పడిందో లేదో చూసే ఏర్పాటే అందులో లేదు. మూతకి కర్రి పళ్ల గాట్లు ఇప్పటికీ ఉన్నాయి.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, మోటారు పనిచేస్తోంది కాబట్టి లోపం కాదన్నారు. తేమ లేని చోట పెట్టుకోమన్నారు. శ్రావణంలో, సముద్రానికి ఇంత దగ్గర్లో, తేమ లేని చోటు ఎక్కడుందో మాత్రం చెప్పలేదు.

నేను మెచ్చుకున్న ఆ సెల్స్‌కీ ఓ తిరకాసు ఉంది. కరెంటు పోతే ఇంట్లో వైఫై కూడా పోతుంది, మెసేజ్ రాదు. అంటే నిజంగా పెట్టిన రోజు చెప్పదు, పెట్టని రోజు మాత్రం పెట్టానని రెండుసార్లు చెప్పింది. గాలివాన రాత్రి నేను పడ్డ టెన్షన్ ఇంతా అంతా కాదు.

అలాగని పారెయ్యలేదు. వానాకాలంలో ఒక్కరోజుకి సరిపడా గింజలే పోస్తాను, మూత లోపల తేమ పీల్చే పొట్లం మారుస్తుంటాను, చక్రం తీసి పొడిగుడ్డతో తుడుస్తాను. ఇన్ని చేశాక ఇక అది ఆటోమేటిక్ ఎలా అయిందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఎండాకాలంలో మాత్రం ఒక్కసారి కూడా మొరాయించలేదు. గ్రిల్ తాళం చెవి ఒకటి పిన్నికి ఇచ్చాను. పలాస వైపు పని పడినప్పుడల్లా ఆవిడకి జీడిపప్పు తెస్తాను, వద్దంటూనే తీసుకుంటుంది.

కొనొచ్చా అంటే, పొద్దున వెళ్లి రాత్రికి ఎలాగోలా ఇల్లు చేరేవాళ్లయితే కొనొచ్చు. పక్కింట్లో మా పిన్నిలాంటి మనిషి ఉంటే రాత్రి ఉండాల్సిన పనికీ ఫరవాలేదు. ఎవరూ లేని అపార్ట్‌మెంట్‌లో కుక్కని వదిలి, ఆ మెసేజ్‌ని నమ్ముకుని రెండు రోజులు ఊరెళ్తామంటే మాత్రం నేను ఒప్పుకోను. పైగా కర్రి ఎదిగిన కుక్క, ఇడ్లీ పడేసినా తింటుంది. చిన్న కుక్కపిల్లకీ, మందులు వాడే కుక్కకీ ఈ లెక్క పనికిరాదు.

గిన్నెలో పడిన బరువు తూచే సెన్సర్‌తో కూడా కొన్ని ఫీడర్లు వస్తున్నాయి. అలాంటిది కొనాలనే ఉంది. కిందటి మాఘమాసం పెళ్లిళ్ల బాకీ ఇద్దరు స్టూడియోల వాళ్లు ఇంకా ఇవ్వాలి, అది వస్తే చూడాలి.