ఇత్తడి ఏనుగు పలికింది, కొయ్య చిలుక మొరాయించింది

మూడో తరగతి చదువుతున్న మా అబ్బాయి ఇంట్లోని బొమ్మలన్నింటినీ మూలకు నెట్టి ల్యాప్‌టాప్‌కు అతుక్కుపోతుండడంతో, ఆ రెండింటినీ కలిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు ఒకటి హన్మకొండలో కొన్నాను. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌కు చెందిన జే సిల్వర్, ఎరిక్ రోసెన్‌బామ్ 2012లో జనం నుంచి నిధులు సేకరించే కిక్‌స్టార్టర్ సైటు ద్వారా తెచ్చిన మేకీ మేకీ అనే బోర్డు పద్ధతిలోనే పనిచేసే నకలు ఇది. అసలు దాని ధరలో సగానికి లోపే దొరికింది.

యూఎస్‌బీ తీగతో తగిలిస్తే కంప్యూటర్ దీనిని మరో కీబోర్డుగా గుర్తిస్తుంది కనుక ప్రత్యేకంగా ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించనక్కర్లేదు. ముందువైపు నాలుగు బాణాలు, స్పేస్, క్లిక్ అని ఆరు మీటలకు చోట్లున్నాయి. ఒక చోటికి, బొమ్మకు మధ్య క్లిప్పు తీగ తగిలించి, బోర్డుపై ఎర్త్ అని ఉన్న చోటికి తగిలించిన తీగను ఒక చేత్తో పట్టుకొని రెండో చేత్తో బొమ్మను తాకితే, అతి స్వల్పమైన విద్యుత్తు మన ఒంటిగుండా పారి వలయం పూర్తవుతుంది. బోర్డు దానిని మీట నొక్కినట్టుగా లెక్కిస్తుంది. "కరెంటు తీగ పోరని చేతికిస్తవా బిడ్డా?" అని మా అమ్మ గదమాయించింది. యూఎస్‌బీ నుంచి వచ్చేది 5 వోల్టులేనని వివరించడం కంటే ఆమె చేతికే తీగ ఇవ్వడం సులువైంది. అయినా ఆడేటప్పుడు ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేయడమే మంచిది.

అసలు సరదా బొమ్మ దేనితో చేసిందన్న దగ్గరే మొదలవుతుంది. పెంబర్తి ఇత్తడి ఏనుగును ముట్టుకోగానే పిల్లలు సొంతంగా ఆటలు తయారు చేసుకునే స్క్రాచ్ ప్రోగ్రాంలో మావాడు తయారు చేసుకున్న ఏనుగు తెరపై గెంతింది. పొణికి కర్రతో చేసి రంగులద్దిన నిర్మల్ చిలుక మాత్రం ఎంత తట్టినా ఉలకలేదు, ఎందుకంటే కర్రలోనుంచి గానీ రంగులోనుంచి గానీ విద్యుత్తు పారదు. రొట్టెలు చుట్టే అల్యూమినియం రేకును దాని తోకకు చుట్టి, క్లిప్పును ఆ రేకుకే పట్టిస్తే పలికింది. ఏరువాక పున్నమికి చేసినట్టు మట్టితో చేసిన ఎద్దు తడిగా ఉన్నంతసేపు చక్కగా ఆడింది, పూర్తిగా ఎండాక మూగబోయింది. ఎందుకని మావాడు వేసిన ప్రశ్నలకే ఆ సాయంత్రమంతా గడిచిపోయింది. ఈ పరికరానికి పెట్టిన డబ్బు నా మటుకు అక్కడే గిట్టింది.

తయారీ మాత్రం నాసిగా ఉంది. రెండో వారానికే రెండు క్లిప్పుల తీగలు రబ్బరు తొడుగు లోపల తెగిపోయాయి, అడిగితే దుకాణదారు తీగలకు వారంటీ ఉండదన్నాడు. కొనేవారు ప్రతి తీగనూ అక్కడికక్కడే తగిలించి చూసుకోవాలి, నాలుగైదు తీగలు అదనంగా తీసుకోవాలి. ఫోను మాత్రమే ఉన్నవారు ఫోనుకు యూఎస్‌బీ తీగ తగిలించే ఓటీజీ కనెక్టరు పెట్టినా తమ ఫోనులో పనిచేస్తుందో లేదో ముందే పరీక్షించుకోవడం మేలు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు పక్కన పెద్దవాళ్లు కూర్చోక తప్పదు.

క్లిప్పు పళ్లు ఏనుగు తొండంపై గాట్లు పెట్టినందుకు అమ్మ ఇంకా గొణుగుతూనే ఉంది. ఇప్పుడు దాని కాలికి రాగి తీగను కడియంలా చుట్టి, క్లిప్పును ఆ తీగకు పెడుతున్నాం.