మారతహళ్లి జెర్సీ కొట్టు, ఎడమ గోడ మీద ఆంటోనీ 21

మారతహళ్లి బ్రిడ్జి దిగాక పీజీ హాస్టళ్ల సందులో ఒక జెర్సీల కొట్టుంది. దానికి పేరంటూ లేదు, బోర్డు మీద "స్పోర్ట్స్ వేర్, నేమ్ ప్రింటింగ్" అని మాత్రమే ఉంటుంది. నడిపేది మన హిందూపురం ఆయన, అందరం "అన్నా" అనే పిలుస్తాం. రెండేళ్లలో అక్కడ నాలుగు జెర్సీలు చేయించుకున్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నా, బెంగళూరులో ఈ రేటుకి ఇంత శుభ్రమైన ప్రింటు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

అంతకుముందు ఆన్‌లైన్‌లో ఒకచోట తెప్పించుకున్న జెర్సీకి మూడో ఉతుక్కే అంకె అంచులు లేచాయి, నెల తిరిగేసరికి 10లో సున్నా సగం ఊడిపోయింది. ఫోన్ చేస్తే పలికిన నాథుడు లేడు. ఇక్కడైతే పని మొత్తం ఎదురుగా నిలబడి చూడొచ్చు. కంప్యూటర్లో పేరు కొట్టి షీటు కట్టింగ్‌కి పెడతాడు, తర్వాత సన్నటి పట్టకారు తీసుకుని అక్షరాల చుట్టూ, లోపలా ఉన్న పనికిరాని ముక్కల్ని ఒక్కొక్కటే పీకుతాడు. నేను వేయించుకుంది ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు మైనూ పేరు, అతని అంకె 37. ఇంగ్లీషులో ఆరు అక్షరాలు, చివర రెండు "ఓ"లు, వాటి నడుమ ఉన్న గుండ్రటి ముక్కలు తీసేటప్పుడు ఆయన మాట్లాడడం కూడా ఆపేశాడు. ఆ తర్వాత జెర్సీని నిలువుగా సగానికి మడిచి, మడత మీద వేలితో గట్టిగా రాసి, ఆ గీతకి సరిగ్గా అంకెల మధ్య భాగం వచ్చేలా సర్ది, పైన టెఫ్లాన్ షీటు పరిచి హీట్ ప్రెస్ దించాడు. పదిహేను సెకన్లు. చల్లారితే గానీ పై ప్లాస్టిక్ పొర లాగడు. "ఆగు తమ్ముడూ, ఇప్పుడు లాగితే అక్షరం కూడా వచ్చేస్తుంది" అన్నాడు. ఆ జెర్సీని ఇప్పటికి యాభైసార్లయినా ఉతికి ఉంటాను, ఒక్క మూల కూడా లేవలేదు. తిరగేసి ఉతకండి, అక్షరాల మీద ఇస్త్రీపెట్టె పెట్టకండి, అంతే.

జెర్సీ 450, పేరూ అంకే కలిపి 150. వేరేచోట కొన్నది తీసుకెళ్లినా పేరు వేస్తాడు.

ఇక ఎడమ గోడ. దానికి ఒక ఇనుప కమ్మీ ఉంది, అమ్ముడుపోని యునైటెడ్ ఆటగాళ్ల పేర్ల జెర్సీలన్నీ దానికే వేలాడుతుంటాయి. ఆంటోనీ 21 మూడు, సాంచో 25 రెండు, వాన్ డి బీక్ 34 ఒకటి. క్లబ్ కొత్తగా ఏ ఆటగాణ్ని కొన్నా జనం ఎగబడతారని ఆ రోజుల్లో అన్న ముందే ప్రింటు చేసి పెట్టేవాడట. శనివారం సాయంత్రం మ్యాచ్‌కి ముందు మేం అయిదారుగురం అక్కడ చేరితే మాంచెస్టర్ యునైటెడ్ జట్టుని ఎవరు ఇలా చేశారన్న గొడవ ఆ కమ్మీ దగ్గరే మొదలవుతుంది. 2024-25 ప్రీమియర్ లీగ్ సీజన్లో ఇరవై జట్లలో 42 పాయింట్లతో 15వ స్థానం, పైగా బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్ టోటెన్‌హామ్‌కి 1-0తో అప్పగించారు. ఆ తెల్లారి సాయంత్రం కొట్టు మూసేదాకా ఎవరూ కదల్లేదు.

కడప నుంచి వచ్చిన ఒకతను తప్పంతా అప్పటి కోచ్ టెన్ హాగ్‌దే అంటాడు. తన పాత క్లబ్ అయాక్స్ నుంచే 2022లో 95 మిలియన్ యూరోలు పోయించి ఆంటోనీని తెప్పించుకున్నాడు, ఆ డబ్బుతో ఇద్దరు వచ్చేవాళ్లు కదా అని. మా రూమ్మేట్‌ది విశాఖ, వాడు క్లబ్ యజమానులైన గ్లేజర్ల మీద తప్ప ఇంకెవరి మీదా మాట పడనివ్వడు. 2005లో అప్పు చేసి క్లబ్ కొని ఆ అప్పు క్లబ్ నెత్తినే రుద్దారు, అక్కణ్నుంచే పతనం అంటాడు. ఇంకొకతను తర్వాత వచ్చిన కోచ్ అమోరిమ్ మొండితనం అంటాడు. వీళ్లందరి మాటలూ విన్నాక అన్న పట్టకారు పక్కన పెట్టి ఒక్క మాటన్నాడు. "గుడ్డ కత్తిరించేశాక కొలతలు తీసుకునే వాణ్ని ఏమంటారు?"

నాకు ఆ మాటే సరైందనిపిస్తుంది. గ్లేజర్ల అప్పు నిజమే, కానీ ఆటగాళ్ల మీద ఖర్చు పెట్టలేదంటే ఒప్పుకోను, లోపం డబ్బులో లేదు. 2024 వేసవినే చూడండి. టెన్ హాగ్ ఒప్పందాన్ని పొడిగించారు, డి లిఖ్ట్, మజ్రౌవి, జిర్క్‌జీ, ఉగార్తె, యోరో ఇంతమందిని కొన్నారు, అక్టోబర్లో ఆయన్నే పంపేశారు. తెచ్చింది ఎవరిని? వెనకాల ముగ్గురు డిఫెండర్లు, అంచుల్లో పైకీ కిందకీ పరిగెత్తే వింగ్ బ్యాక్‌లు కావాలనే అమోరిమ్‌ని. జట్టు నిండా ఉన్నదేమో రాష్‌ఫోర్డ్, గార్నాచో, ఆంటోనీ లాంటి, అంచుల నుంచి దాడి చేసే వింగర్లు, ఆ పద్ధతిలో వాళ్లకి చోటే లేదు. ఫిబ్రవరి మొదటి వారానికల్లా రాష్‌ఫోర్డ్, ఆంటోనీ అరువు మీద వేరే క్లబ్బులకి పోయారు. ఇవన్నీ చూసుకోవాల్సిన స్పోర్టింగ్ డైరెక్టర్ డాన్ ఆష్‌వర్త్ జులైలో వచ్చి డిసెంబర్లో వెళ్లిపోయాడు. 2024 ఫిబ్రవరి నుంచి ఫుట్‌బాల్ వ్యవహారాలు క్లబ్‌లో వాటా కొన్న రాట్‌క్లిఫ్ మనుషుల చేతుల్లోనే ఉన్నాయి, కాబట్టి ఆ ఏడాది తప్పులు పూర్తిగా వాళ్లవే. కోచ్ మారినప్పుడల్లా జట్టుని మొదటి నుంచి కుట్టుకొస్తుంటే ఆటగాణ్ని తిట్టి ఏం లాభం? ఆంటోనీ తన రేటు తాను రాసుకోలేదు. నేను మైనూ పేరు వేయించుకుంది కూడా అందుకే. 2024 ఎఫ్ఏ కప్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీని 2-1తో ఓడించినప్పుడు ఆ రెండు గోల్సూ గార్నాచో, మైనూలవి, ఇద్దరూ క్లబ్ అకాడమీలో తయారైన పిల్లలు.

మన బెంగళూరు ఎఫ్‌సీ వాళ్లు కూడా వస్తారు, వాళ్లకీ ఇదే బాధ. 2022-23లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ దాకా వెళ్లి పెనాల్టీల్లో ఓడిన జట్టు నుంచి రాయ్ కృష్ణ, ఝింగన్ వెళ్లిపోయారు, తర్వాతి సీజన్లో పన్నెండు జట్లలో పదో స్థానం. ఛెత్రీ 11 మాత్రం ఎప్పుడూ అడుగుతూనే ఉంటారట. ఆ ఒక్క పేరూ అన్న ఇప్పటికీ ముందే వేసి ఉంచుతాడు, మిగతావన్నీ ఆర్డర్ ఇచ్చి అడ్వాన్స్ కడితేనే.

లోపాలు లేవని కాదు. వేసుకుని చూసుకోవడానికి చోటు లేదు, ఎమ్ సైజు చాలా బిగుతు, మామూలుగా ఎమ్ వేసుకునేవాళ్లు ఎల్ తీసుకోండి. యునైటెడ్‌కి ఆడిన హొయ్‌లుండ్ పేరులో గీత కొట్టిన "ఓ" ఆయన ఫాంట్‌లో లేదు, మామూలు "ఓ" వేసిచ్చాడు, మా రూమ్మేట్ చాలా బాధపడ్డాడు. శనివారం ఆరు దాటాక వెళ్తే మాలాంటి వాళ్లతో నిండి ఉంటుంది, గంట పడుతుంది. మామూలు రోజుల్లో వెళ్తే ఇరవై నిమిషాల్లో చేతికిస్తాడు.

ఎడమ గోడ మీదవి 200కే ఇచ్చేస్తాడు, గుడ్డ బాగుంటుంది, వారాంతం ఆడుకోవడానికి హాయిగా వాడుకోవచ్చు. పాత పేరు పీకి ఇంకోటి వెయ్యమని మాత్రం అడక్కండి. జిగురు మచ్చ పోదు, ఆయన ఒప్పుకోడు.