మెఫిస్టన్ రెడ్ దొరకనప్పుడు ఏం కొనాలి? మినియేచర్ రంగుల ప్రత్యామ్నాయాలపై నా సమీక్ష

టేబుల్ మీద ఆడే యుద్ధ ఆటల చిన్న బొమ్మలకి (మినియేచర్లకి) రంగులేయడం నేర్పే వీడియోల్లో చెప్పేవాళ్లు "మెఫిస్టన్ రెడ్ రెండు పూతలేసి, పైన ఆగ్రాక్స్ ఎర్త్‌షేడ్ పూయండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మొదటిది సిటడెల్ కంపెనీ ఎరుపు, రెండోది అదే కంపెనీ గోధుమరంగు వాష్ (మడతల్లోకి జారి నీడలా నిలిచే పల్చటి రంగు). హైదరాబాద్‌లో ఉండి ఆ రెండూ ఒకేసారి స్టాకులో దొరకబుచ్చుకోవడం ఎంత కష్టమో ఈ హాబీలో ఉన్నవాళ్లకి తెలుసు. సిటడెల్ లేనప్పుడు వల్లెహో, అదీ లేకపోతే ఆర్మీ పెయింటర్, ఇలా కొన్నేళ్లుగా మూడు కంపెనీల సీసాలూ కలిపే వాడుతున్నాను. ఏది దేనికి బదులు పనికొస్తుందో, ఏది పనికిరాదో బొమ్మల మీద వేసి చూసి, ఆటలో పదిమంది చేతులు పడ్డాక ఎలా నిలిచిందో కూడా గమనించి రాస్తున్నాను.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. రంగు ఒక్కటే చూసి ప్రత్యామ్నాయం కొనకండి, ఆ సీసా చేసే పనేమిటో చూడండి. అడుగున పరిచే రంగా, పైన పల్చగా ఎక్కించే రంగా, మడతల్లోకి జారే వాషా, లోహమా? పని కలిస్తే రంగు కాస్త అటూ ఇటూ అయినా ఇంకో చుక్క కలుపుకుని సర్దుకోవచ్చు. పని కలవకపోతే రంగు అచ్చుగుద్దినట్టున్నా లాభం లేదు.

ఏ కంపెనీ రంగుకి ఏది జోడీయో చెప్పే పోలిక పట్టికలు బోలెడు ఉన్నాయి, వెతుకులాట మొదలుపెట్టడానికి మంచివే. అయితే అవి ఎప్పటివో తప్పకుండా చూసుకోవాలి. సిటడెల్ 2012లో తన రేంజి మొత్తం మార్చేసింది. డెవ్లన్ మడ్ పోయి ఆగ్రాక్స్ ఎర్త్‌షేడ్, బాదాబ్ బ్లాక్ పోయి నల్న్ ఆయిల్ (నల్ల వాష్), కేయాస్ బ్లాక్ పోయి అబాడన్ బ్లాక్ వచ్చాయి. వల్లెహో గేమ్ కలర్ అంతకుముందు, పాత సిటడెల్ రంగులకి దీటుగా తయారైన రేంజి. అందులో బ్లడీ రెడ్ అన్న పేరు చూడగానే సిటడెల్ పాత బ్లడ్ రెడ్ గుర్తొచ్చేది అందుకే. అంటే గేమ్ కలర్‌లో మీకు దొరికే జోడీ చాలాసార్లు అప్పటి సిటడెల్‌కి సరిపోయేదే. ఇది చాలదన్నట్టు 2022లో సిటడెల్ షేడ్‌ల (వాషులకి ఆ కంపెనీ పెట్టిన పేరు) ఫార్ములా మార్చి, 24 మి.లీ. డబ్బాని 18 మి.లీ.కి తగ్గించింది. ఆ వెనకే వల్లెహో కూడా గేమ్ కలర్‌ని కొత్త ఫార్ములాతో 18 మి.లీ. సీసాల్లోకి తెచ్చింది. 2024లో ఆర్మీ పెయింటర్ వార్‌పెయింట్స్ ఫనాటిక్ పేరుతో రేంజినే కొత్తగా కట్టింది. కాబట్టి 2022కి ముందు రాసిన పట్టికని వాషుల విషయంలో నేనసలు లెక్కలోకి తీసుకోను.

ఎరుపు దగ్గర ఈ తేడా బాగా బయటపడుతుంది. మెఫిస్టన్ రెడ్ సిటడెల్‌లో బేస్ రకం (అడుగున పరిచేది), పిగ్మెంటు (రంగునిచ్చే పొడి) దట్టంగా ఉంటుంది. నల్ల ప్రైమర్ (రంగుకి ముందు కొట్టే అడుగు పూత) మీద కాసిని నీళ్లు కలిపి రెండు పూతలేస్తే అడుగున నలుపు ఉందన్న సంగతే తెలియదు. దీనికి బదులుగా వల్లెహో మోడల్ కలర్‌లో ఫ్లాట్ రెడ్ (సీసా మీది నంబరు 70.957) తీసుకున్నాను. బొమ్మ ముక్కలు విరుచుకోగా మిగిలిన ప్లాస్టిక్ ఫ్రేము మీద సగం నల్ల ప్రైమర్, సగం తెల్ల ప్రైమర్ కొట్టి, రెండు ఎరుపులూ పక్కపక్కనే లాగాను. తెల్లవైపు పేచీ లేదు. వల్లెహోది కాస్త వెలుగు ఎక్కువ, అందులో ముదురు గోధుమ ఎరుపైన హల్ రెడ్ 70.985 చుక్క కలిపేసరికి తేడా కంటికి ఆనలేదు. నల్లవైపు మాత్రం మొదటి పూత మురికి గోధుమరంగుకి తిరిగింది. రెండో పూత ఆరాక కూడా అంచుల్లో నలుపు తొంగిచూస్తూనే ఉంది. అప్పుడు అడుగున హల్ రెడ్ ఒక పూత పూర్తిగా పరిచి, దాని మీద ఫ్లాట్ రెడ్ వేశాను. ఇక మెఫిస్టన్ అవసరం పడలేదు.

దీనికి కారణం సులువే. ఐరన్ ఆక్సైడ్ కుటుంబపు ఇటుక, గోధుమ, ఓకర్ (మట్టి పసుపు) రంగులు సహజంగానే బాగా కప్పుతాయి. నిగనిగలాడే ఎరుపు, పసుపు ఇచ్చే ఆర్గానిక్ పిగ్మెంట్లలో చాలా వాటి గుండా వెలుతురు దూరిపోతుంది. కంపెనీ మారినా పిగ్మెంటు స్వభావం మారదు. పసుపుకి నేను చేసేదీ ఇదే: సిటడెల్ పసుపు ఆవర్లాండ్ సన్‌సెట్ లేకపోతే ముందు ఎల్లో ఓకర్ 70.913, ఆరాక దాని మీద ఫ్లాట్ ఎల్లో 70.953. ఒక సీసా బదులు రెండు కొనాలి, నిజమే. కానీ ఆ ఓకర్ తోలుకీ, ఇసుకకీ, వెంట్రుకలకీ అన్నిటికీ పనికొస్తుంది, డబ్బు ఎక్కడికీ పోదు.

రంగు పోల్చేటప్పుడు తడిమీద పోల్చొద్దు. అక్రిలిక్‌లో రంగుని పట్టి ఉంచే బైండర్ తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉండి, ఆరేసరికి పారదర్శకమవుతుంది, అందుకే రంగు ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. మెరుపు కూడా కంటిని పక్కదారి పట్టిస్తుంది. మోడల్ కలర్ బాగా మ్యాట్‌గా, అంటే మెరుపు లేకుండా ఆరుతుంది, అదే రంగు కొంచెం మెరుపున్న పెయింటులో లోతుగా, ముదురుగా కనిపిస్తుంది. రెండింటి మీదా మ్యాట్ వార్నిష్ కొట్టి, కిటికీ వెలుతురులో ఒకసారి, రాత్రి మీరు పనిచేసుకునే లైటు కింద ఒకసారి చూడండి. వేర్వేరు పిగ్మెంట్లతో చేసిన రెండు రంగులు పగటివేళ కలిసి, ఎల్‌ఈడీ కింద విడిపోవడం మామూలే. ఫోను తెరమీద రంగు చూసి ఆర్డరు పెట్టడం మాత్రం వద్దు.

వాషుల్లో ప్రత్యామ్నాయాలు నన్ను బాగా సంతోషపెట్టాయి. ఆగ్రాక్స్‌కి బదులు ఆర్మీ పెయింటర్ స్ట్రాంగ్ టోన్ నిశ్చింతగా కొనొచ్చు. కాస్త వెచ్చటి గోధుమ, తోలు మీదా చెక్క మీదా నాకు ఆగ్రాక్స్ కంటే ఇదే నచ్చుతుంది. నల్న్ ఆయిల్‌కి బదులు డార్క్ టోన్ కాస్త ఘాటు, వాష్ మీడియం కలిపి పల్చన చేస్తే సరిపోతుంది. నీళ్లు ఎక్కువ పోస్తే ఆరాక అంచుల్లో గీతలు కడతాయి.

లోహాలు వేరే లోకం. సిటడెల్ ఉక్కురంగు లెడ్‌బెల్చర్‌కి బదులు వల్లెహో మెటల్ కలర్ గన్‌మెటల్ 77.720 వాడుతున్నాను. 32 మి.లీ. సీసా, అందులోని లోహపు రేకులు ఎంత సన్నగా ఉంటాయంటే కత్తి అంచు మీద నిజం ఉక్కులా కూర్చుంటుంది. అది ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) కోసం పల్చగా చేసిన పెయింటు కనుక కుంచెతో అయితే ఇంకో పూత ఎక్కువ పడుతుంది. బంగారం దగ్గర మాత్రం సిటడెల్ రిట్రిబ్యూటర్ ఆర్మర్‌కి సాటి వచ్చేది నాకు ఇంతవరకు దొరకలేదు. వల్లెహో లిక్విడ్ గోల్డ్ మెరుపులో దాన్ని మించుతుంది, ఒప్పుకుంటాను. కానీ అది ఆల్కహాల్ ఆధారిత పెయింటు. నీళ్లు తగలకూడదు, కుంచె కడగడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి, మంచి కుంచె దానికి ఇవ్వబుద్ధి కాదు.

2019లో వచ్చిన సిటడెల్ కాంట్రాస్ట్‌కి (ఒక్క పూతలోనే రంగూ నీడా ఇచ్చే పెయింటు) పోటీగా ఇప్పుడు ఆర్మీ పెయింటర్ స్పీడ్‌పెయింట్, వల్లెహో ఎక్స్‌ప్రెస్ కలర్ ఉన్నాయి. స్పీడ్‌పెయింట్ కొనేటప్పుడు సీసా మీద 2.0 అని ఉందో లేదో చూడండి. మొదటి రకం ఆరాక కూడా పైన తడి రంగు పడితే కరిగి అందులోకి లేచేది. 2023లో వచ్చిన రెండో రకంలో ఆ బెడద తగ్గింది. మూడూ మంచివే, అయితే మడతల్లో నిలిచే తీరు, గట్టుల మీద వదిలే తీరు దేనిది దానిదే. ఒకే జట్టులో సగం బొమ్మలకి ఒకటి, సగానికి ఇంకొకటి వేస్తే టేబుల్ మీద దూరం నుంచే తెలిసిపోతుంది.

మన దగ్గర ఏ స్టేషనరీ షాపులోనైనా దొరికే ఫెవిక్రిల్, క్యామెల్ అక్రిలిక్‌లని తీసిపారేయొద్దు. కొండలు, కూలిన గోడలు, బొమ్మ కాళ్లకింది నేల, వీటన్నిటికీ నేను అవే వాడతాను. ఖరీదైన చిన్న సీసాని అడుగు పొడవు గోడ మీద ఖర్చుపెట్టడం దండగ. 28 మి.మీ. బొమ్మ ముఖం మీద మాత్రం వాడను. కప్పేదాకా పూతలేస్తే ముక్కూ పెదవీ పూడుకుపోతాయి, నీళ్లు పోసి పల్చన చేస్తే రంగు విరిగినట్టవుతుంది.

టామియా మంచి పెయింటే, కానీ దాని మామూలు అక్రిలిక్‌లు కూడా ఆల్కహాల్ తరహావే. వల్లెహోతో ప్యాలెట్ మీద కలిపితే గడ్డకడుతుంది. విడిగా వేసి, పూర్తిగా ఆరనిచ్చి, పైన రెండోది వేసుకుంటే ఏ గొడవా లేదు.

రోజూ ఆడుకునే బొమ్మలైతే ఇంకో సంగతి. మోడల్ కలర్ అందంగా ఆరుతుంది గానీ వేళ్ల రాపిడికి మోచేతులు, కత్తి మొనల దగ్గర ముందు లేచేది అదే. గేమ్ కలర్ ఆ విషయంలో గట్టిది. ఏది వాడినా వార్నిష్ మానకండి. ఎండాకాలంలో మన వేడికి రంగు కుంచె మీదే ఆరిపోతుంది కనుక వెట్ ప్యాలెట్ (రంగుని తడిగా ఉంచే పలక), ఒక చుక్క రిటార్డర్ (ఆరడాన్ని ఆలస్యం చేసే ద్రవం) ఉండాల్సిందే. డ్రాపర్ సీసాల రంగులు ఇక్కడ ఎక్కువకాలం నిలుస్తున్నాయి, మూత తెరిచే డబ్బాలు అంచున పెచ్చుకట్టి త్వరగా ఎండిపోతున్నాయి.

సైన్యం సగంలో ఉండగా కవచం రంగు కంపెనీ మాత్రం నేను మార్చను. ఆ ఒక్క రంగుకి రెండో సీసా మొదట్లోనే కొని పక్కన పెడతాను. పట్టీలు, సంచులు, చెక్క, నేల వీటికి ఏ కంపెనీది చేతికందితే అది.